జిప్పు అనాలా, చైను అనాలా? ఒక బూటు పేరు మన ప్యాంటు దాకా వచ్చిన కథ

ఈరోజు ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది చాలా చిన్న వస్తువు గురించి. మీరు ఇది చూస్తున్న చోటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో అది ఒకటైనా ఉండే ఉంటుంది. ప్యాంటుకో, బ్యాగుకో, పర్సుకో, దిండు గలేబుకో. అదే జిప్పు. ఇంగ్లీషులో అమెరికావాళ్ళు జిప్పర్ అంటారు, బ్రిటిష్‌వాళ్ళు జిప్ అని ఆపేస్తారు. మనం రెండోదాన్ని పట్టుకుని, చివర ఒక ఉకారం తగిలించి జిప్పు చేసుకున్నాం.

కానీ మన దగ్గర ఇంకో మాట కూడా ఉంది. చైను. "అమ్మా, నా బ్యాగు చైను పోయింది" అంటాం. "ప్యాంటు చైను పెట్టుకోరా" అని నాన్నో మామయ్యో చెవిలో చెప్తారు. టైలర్ దగ్గరకి వెళ్తే ఆయన కూడా చైనే అంటాడు. అయితే కాలేజీకి వచ్చాక ఏమవుతుందంటే, ఎవరైనా చైను అన్నారనుకోండి, పక్కనున్నవాడు నవ్వేసి "చైను కాదురా, జిప్ అనాలి" అని దిద్దుతాడు. చైను అంటే ఊరోళ్ళ మాట, జిప్ అంటే చదువుకున్నోళ్ళ మాట అన్నట్టు. ఇది నిజమేనా? జిప్ అనేది అసలు పేరు, చైను అనేది తప్పు పేరా? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ఒక నూట డెబ్బై ఏళ్ళ వెనక్కి, అమెరికా వెళ్ళాలి.

1851లో ఎలియాస్ హోవ్ అనే అమెరికన్ ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఈ పేరు కుట్టు మిషన్ చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు. 1846లో కుట్టు మిషన్‌కి పేటెంట్ తీసుకున్నది ఈయనే. ఆయన రెండో ఆలోచన బట్టలు మూసే పరికరం. దాని పేరు చూడండి, "ఆటోమేటిక్, కంటిన్యువస్ క్లోదింగ్ క్లోజర్". ఈ పేరుతో బజార్లో ఏదైనా అమ్ముడవుతుందా చెప్పండి! ఆయన అమ్మే ప్రయత్నం కూడా పెద్దగా చెయ్యలేదు. కుట్టు మిషన్ మీదే డబ్బులొస్తున్నాయి, కోర్టు కేసులూ నడుస్తున్నాయి. ఇది కాగితం మీదే ఉండిపోయింది.

తర్వాత నలభై ఏళ్ళకి షికాగోలో విట్‌కూంబ్ జడ్సన్ వచ్చాడు. ఇంజనీరు, సేల్స్‌మన్ కూడా. గాలి ఒత్తిడితో వీధుల్లో బళ్ళు నడపాలని అంతకుముందు ప్రయత్నించిన మనిషి. 1893 ఆగస్టు 29న ఈయనకి పేటెంట్లు వచ్చాయి. వేటికోసం అనుకున్నారు? ప్యాంటుకి కాదు, బూట్లకి. అప్పట్లో బూట్లంటే పొడుగ్గా ఉండేవి. వరసగా బొత్తాలో, కొక్కేలో, తాళ్ళో ఉండేవి. వంగి ఒక్కొక్కటీ పెట్టుకోవాలి. జడ్సన్ ఆలోచన ఏంటంటే, ఒక చిన్న పనిముట్టు పైకి లాగితే ఆ కొక్కేలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే పడిపోవాలి. ఆయన దాన్ని "క్లాస్ప్ లాకర్" అన్నాడు. లూయిస్ వాకర్ అనే లాయరు ఇది చూసి ముచ్చటపడి పెట్టుబడి పెట్టాడు, కంపెనీ మొదలైంది. ఆ మనిషి ఓపిక గురించి ఒక్క మాట చెప్పాలి. తర్వాత ఇరవై ఏళ్ళు ఈ వస్తువు సరిగ్గా పని చెయ్యలేదు, అయినా ఆయన వదల్లేదు.

పని చెయ్యలేదు అంటే ఎలా అంటే, ఆ కొక్కెం, కన్నెం పద్ధతిలో ఒక్కటి జారితే చాలు, మొత్తం విడిపోయేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆడవాళ్ళ స్కర్టుల కోసం "సీ-క్యూరిటీ" అని ఒక రకం తెచ్చారు. సెక్యూరిటీ అని అర్థం వచ్చేలా పెట్టిన పేరు. నమ్మకం అనే మాటనే పేరుగా పెట్టుకున్న ఆ సరుకు నలుగురిలో ఉన్నప్పుడు ఊడిపోయేది. లేదంటే ఇరుక్కుపోయి, వేసుకున్న మనిషి బట్టల్లోంచి బయటపడలేక అవస్థపడేది. పైగా తుప్పు. ఉతికే ముందు కుట్లు విప్పి దాన్ని తీసెయ్యాలి, ఆరాక మళ్ళీ కుట్టాలి. ఇంతకంటే గుండీ, కాజా నయం కదా! జనం కూడా అదే అనుకున్నారు. జడ్సన్ 1909లో చనిపోయాడు. జిప్పర్ అనే మాట ఆయన చెవిన పడనేలేదు. మనం జిప్పర్ కనిపెట్టింది జడ్సన్ అని క్విజ్‌లో రాస్తాం, మార్కులొస్తాయి. కానీ మీ ప్యాంటుకున్నది ఆయన చేసిన వస్తువు కాదు.

అది చేసింది గిడియన్ సండ్‌బ్యాక్. 1880లో స్వీడన్‌లో పుట్టాడు, జర్మనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు, 1905లో అమెరికా వచ్చాడు. 2012 ఏప్రిల్ 24న గూగుల్ తెరిస్తే పేజీ మధ్యలో ఒక పెద్ద జిప్పు కనిపించేది, కిందికి లాగితే తెరుచుకునేది. అది ఈయన పుట్టినరోజు డూడులే.

1906లో ఈ కంపెనీలో చేరాడు. అప్పుడది న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఉండేది. అక్కడి ప్లాంట్ మేనేజర్ కూతురు ఎల్వీరాని పెళ్ళి చేసుకున్నాడు. 1911లో ఆవిడ చనిపోయింది. ఆ తర్వాత సండ్‌బ్యాక్ రాత్రీ పగలూ పనిలో పడిపోయాడని ఆయన గురించి రాసినవాళ్ళు చెప్తారు. అప్పులవాళ్ళు తలుపు కొడుతున్న కంపెనీ, చేతిలో పనికిరాని సరుకు, ఇంట్లో భార్య లేదు. ఈ స్థితిలో ఆ మనిషి చేసిన పని ఏంటంటే, కొక్కేన్ని పక్కకి తోసెయ్యడం. ఇరవై ఏళ్ళుగా అందరూ కొక్కేన్ని బాగుచేద్దామని చూశారు. ఈయన కొక్కెమే వద్దన్నాడు. 1913లో తయారైన ఆ వస్తువు పేరు కూడా "హుక్‌లెస్ నంబర్ 2". అంటే కొక్కెం లేనిది. 1917లో పేటెంట్ వచ్చింది.

ఒక్క నిమిషం ఆగి, దగ్గర్లో ఉన్న జిప్పు ఏదైనా, వీలైతే లోహపు పళ్ళున్నది, చేతిలోకి తీసుకోండి. పళ్ళని బాగా దగ్గరగా చూడండి, ఫోన్ కెమెరాలో జూమ్ చేసినా సరే. ప్రతి పన్నుకీ ఒక పక్క చిన్న బొడిపె ఉంటుంది, రెండో పక్క చిన్న గుంట ఉంటుంది. గరిటెలు ఒకదాంట్లో ఒకటి పెట్టినట్టు. కుడి పట్టీలోని పళ్ళు ఎడమ పట్టీలోని పళ్ళకి ఎదురెదురుగా ఉండవు, మధ్య ఖాళీల్లోకి వచ్చేలా ఉంటాయి. ఒక బొడిపె ఇంకో గుంటలో కూర్చుందంటే, పైనా కిందా పళ్ళు అడ్డం ఉంటాయి కాబట్టి అది కదలలేదు. మీరు పక్కలకి ఎంత లాగినా ఊడదు. మరి ఎలా తియ్యాలి? లోపలికి పెట్టినప్పటి కోణంలోనే బయటికి తియ్యాలి. ఆ పని చేసేదే మనోళ్ళు రన్నర్ అనే ముక్క. దాని లోపల దారి ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది, మధ్యలో ఒక చీలిక. పైకి వెళ్తుంటే రెండు పట్టీల్నీ కొంచెం వంచి పళ్ళని ఒకదాంట్లోకి ఒకటి తోస్తుంది. కిందికి వస్తుంటే ఆ చీలిక మధ్యలోకి దూరి విడదీస్తుంది. మోటారు లేదు, స్ప్రింగు లేదు. జడ్సన్ కాలంలో అంగుళానికి నాలుగే కొక్కేలుండేవి, సండ్‌బ్యాక్ పది పళ్ళు పెట్టాడు.

ఆయన ఇంకో పని కూడా చేశాడు, నా దృష్టిలో ఇదే అసలు గొప్ప పని. ఆ పళ్ళు తయారుచేసే మిషన్ కూడా కట్టాడు. వై ఆకారంలో ఉన్న తీగని ముక్కలుగా కోసి, బొడిపె, గుంట నొక్కి, వాటిని గుడ్డ పట్టీకి వరసగా బిగించేస్తుంది. మిషన్ లోంచి బయటికొచ్చేది ఒక పొడుగాటి పట్టీ, దానికి వరసగా పళ్ళు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

వస్తువు రెడీ. పేరు ఇంకా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా నావికులు నడుముకి కట్టుకునే డబ్బుల బెల్టులకి దీన్ని వాడారు, పైలట్ల సూట్లకి వాడారు. తర్వాత పొగాకు సంచులకి. ఎక్కడా జిప్పర్ అనే మాట లేదు, "హుక్‌లెస్ ఫాస్టెనర్" అనేవారు.

1923లో ఒహాయో రాష్ట్రం అక్రన్‌లో ఉన్న బీఎఫ్ గుడ్రిచ్ అనే రబ్బరు కంపెనీ, మంచులో వేసుకునే రబ్బరు బూట్లకి ఈ ఫాస్టెనర్ పెట్టింది. మొదట ఆ బూటు పేరు "మిస్టిక్ బూట్". మార్మికమైన బూటు అన్నమాట! కంపెనీ ప్రెసిడెంట్ బెర్‌ట్రమ్ వర్క్‌కి ఆ పేరు నచ్చలేదు. వేగం వినిపించే పేరు కావాలనుకున్నాడు. ఇంగ్లీషులో జిప్ అనేది అప్పటికే ఉన్న మాట, పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. బుల్లెట్టు దూసుకెళ్తే వచ్చే చప్పుడు. మనం రివ్వున, సర్రున, జర్రున అంటాం చూడండి, ఆ జాతి మాట. దానికి చివర ఒక తోక తగిలించి జిప్పర్ అన్నాడు. 1925లో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేశారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. జిప్పర్ అంటే అప్పుడు బూటు. పళ్ళున్న పట్టీ కాదు. "నా జిప్పర్లు తడిసిపోయాయి" అంటే బూట్లు తడిసిపోయాయని. కానీ బూటుని మూస్తున్నప్పుడు చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? ఆ పట్టీ నుంచి. జనం ఆ పేరుని బూటు మీంచి తీసి పట్టీకి పెట్టేశారు. సంచికున్నా జిప్పరే, జాకెట్‌కున్నా జిప్పరే. గుడ్రిచ్ అది మా సొంత పేరు అని కోర్టుకి వెళ్ళింది. చివరికి బూట్ల వరకే దానికి హక్కు మిగిలింది, మాట మాత్రం జనం పట్టుకుపోయారు. ఫోటోస్టాట్ కాపీని జిరాక్స్ అని మనం అనట్లేదా, అలాగన్నమాట.

విచిత్రం ఏంటంటే, ఆ వస్తువు తయారుచేసే కంపెనీ కూడా ఈ పేరు పెట్టుకోలేదు. వాళ్ళు "టాలన్" అని పెట్టుకున్నారు, డేగ గోరు అని అర్థం. 1937లో కంపెనీ పేరే టాలన్ అయిపోయింది. అంటే కనిపెట్టడం మొదలుపెట్టినవాడు పెట్టిన పేరు నిలవలేదు, బాగా చేసినవాడు పెట్టిన పేరూ నిలవలేదు. మూడోవాడు, అదీ బూట్లమ్ముకునేవాడు, తన బూటుకి పెట్టుకున్న పేరు నిలిచింది. అది కూడా అతని చేతిలో నిలవలేదు.

బట్టల్లోకి రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1930లలో ముందు చిన్నపిల్లల బట్టలకి పెట్టారు, అమ్మ సాయం లేకుండా పిల్లలే వేసుకోవచ్చని ప్రకటనలిచ్చారు. పారిస్‌లో ఎల్సా స్కియాపరెల్లి అనే డిజైనర్ 1935 ప్రాంతంలో రంగురంగుల జిప్పులు దాచకుండా బయటికే కనిపించేలా కుట్టింది. మగవాళ్ళ ప్యాంట్ల దగ్గర మాత్రం చాలాకాలం బిడియం, ఊడిపోతుందేమో అన్న భయం. ఆ భయం తీరాక గుండీలు తగ్గిపోయాయి.

ఇప్పుడు పేరు దగ్గరకే మళ్ళీ వద్దాం. జిప్ అనేది "అసలు పేరు" అని మనం అనుకుంటాం కదా. మిగతా దేశాలవాళ్ళు ఏమంటారో చూడండి. ఫ్రెంచివాళ్ళు "ఫెర్మ్యూచూర్ ఎక్లేర్" అంటారు, మెరుపు మూత. రష్యన్లు సూటిగా "మోల్నియా" అంటారు, మెరుపు. స్వీడన్‌లో, అంటే సండ్‌బ్యాక్ పుట్టిన దేశంలో, "బ్లిక్స్ట్‌లోస్" అంటారు, మెరుపు తాళం. వీళ్ళకి కనిపించింది వేగం. జర్మన్లు "రైస్‌ఫెర్‌ష్లుస్" అంటారు, అందులో మొదటి ముక్కకి చించడం, లాగడం అని అర్థం. గుడ్డ చిరుగుతున్నట్టు వినిపించిందేమో వాళ్ళకి! స్పానిష్‌లో "క్రెమయేరా", అది పళ్ళున్న యంత్రపు పట్టీ పేరు. జపాన్‌లో "చక్కు" అని ఒక మాట ఉంది. అది ఇంగ్లీషు కాదు, వాళ్ళ "కించకు" లోంచి వచ్చింది. కించకు అంటే తాడు లాగి మూతి బిగించే డబ్బు సంచి. మన అమ్మమ్మలు బొడ్లో దోపుకునే సంచిలాంటిదే.

చైనావాళ్ళు "లాలియెన్" అంటారు. లా అంటే లాగు, లియెన్ అంటే గొలుసు. లాగే గొలుసు. అంటే చైను!

ఇంకా ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, మిషన్ లోంచి వచ్చే పొడుగాటి పళ్ళ పట్టీ. జిప్పులు చేసే ఫ్యాక్టరీల్లో దాని పేరేంటో తెలుసా? చైన్. పళ్ళు రెండు వరసలూ కలిసిన పట్టీని చైన్ అంటారు, ముక్కలు కొయ్యకముందు చుట్టలుగా ఉండేదాన్ని లాంగ్ చైన్ అంటారు. జపాన్‌కి చెందిన వైకేకే అనే కంపెనీ మీకు తెలిసే ఉంటుంది, మీ జీన్స్ రన్నర్ మీద ఆ మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. 1934లో తదావో యోషిదా పెట్టిన కంపెనీ. 1945లో టోక్యో మీద బాంబులు పడినప్పుడు ఫ్యాక్టరీ కాలిపోయింది. చేతిపనితో లాభం లేదని 1950లో అమెరికా నుంచి మిషన్ తెప్పించుకున్నారు. ఆ మిషన్ పేరు కూడా చైన్ మెషినే.

కాబట్టి మీ వీధి చివర టైలర్ చైను అంటే తప్పు మాట్లాడుతున్నట్టు కాదు. జిప్ అనేది చప్పుడు చూసి పెట్టిన పేరు, చైను అనేది వస్తువు చూసి పెట్టిన పేరు. నన్నడిగితే వస్తువు గురించి చైనే ఎక్కువ చెప్తుంది. ఇంకోసారి ఎవరైనా చైను కాదురా అని నవ్వితే ఈ ఎపిసోడ్ లింకు పంపండి.

ఈ రెండు మాటల్నీ తెలుగు ఎలా జీర్ణం చేసుకుందో కూడా చూడండి, సరదాగా ఉంటుంది. కప్ వస్తే కప్పు, బస్ వస్తే బస్సు, జిప్ వస్తే జిప్పు. ముందు అచ్చు పొట్టిదైతే చివరి హల్లుని ఒత్తి పలుకుతాం. అదే అచ్చు పొడుగైతే ఒత్తు ఉండదు. షాప్ షాపు అవుతుంది, షాప్పు అవదు. చైన్ చైను అవుతుంది. ఎవరూ నేర్పరు, అందరం ఇలాగే అంటాం. ఇక క్రియలైతే పూర్తిగా మనవే. జిప్పు పెట్టుకో, జిప్పు లాగు, జిప్పు తియ్యి. "నోటికి జిప్పు వేసుకో" కూడా వచ్చేసింది. వెనకటికి నోటికి తాళం వేసుకోమనేవాళ్ళు, తాళం పోయి జిప్పు వచ్చింది. మీ ఫోన్‌లో ఆ ఎమోజీ కూడా ఉంది, 2015లో యూనికోడ్‌లో చేరింది.

ఫోన్ అన్నాం కాబట్టి జిప్ ఫైల్ సంగతి. దాని ఐకాన్ మీద చాలాచోట్ల పళ్ళున్న జిప్పు బొమ్మ వేస్తారు, ఫోల్డరుకి జిప్పు కుట్టినట్టు. కానీ ఆ పేరు ఈ జిప్పు నుంచి రాలేదు! 1989లో ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఆ ఫార్మాట్ తెచ్చాడు. పాత ప్రోగ్రాముల కంటే వేగంగా పనిచేస్తుందని చెప్పడానికి జిప్ అని పెట్టారు. అంటే పాత అర్థమే, దూసుకెళ్ళడం. బొమ్మ గీసినవాళ్ళకి మాత్రం ప్యాంటు గుర్తొచ్చింది. కాట్జ్ ఆ ఫార్మాట్‌ని అందరూ వాడుకోవచ్చని వదిలేశాడు. 2000లో, ముప్ఫై ఏడేళ్ళకే చనిపోయాడు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసుకునే ఏపీకే ఫైల్ ఉంటుంది కదా, అది కూడా లోపల జిప్ ఫైలే. దాన్ని విప్పి మొదటి రెండు అక్షరాలు చూస్తే పీకే అని ఉంటుంది. ఆయన పేరులోని పొడి అక్షరాలు.

చివరిగా పనికొచ్చే ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. బ్యాగు జిప్పు పెట్టాక వెనకే విచ్చుకుపోతోందంటే, పళ్ళు బాగానే ఉంటే మొత్తం మార్చక్కర్లేదు. చాలాసార్లు తప్పు పళ్ళది కాదు, రన్నర్‌ది. వాడగా వాడగా దాని రెండు రేకుల మధ్య సందు పెరిగి, పళ్ళని గట్టిగా నొక్కలేదు. పట్టకారుతో రన్నర్ రెండు అంచుల్నీ కొంచెం కొంచెంగా నొక్కి చూడండి. ఎక్కువ నొక్కితే విరుగుతుంది, జాగ్రత్త. ఇరుక్కుపోతున్న లోహపు జిప్పుకైతే కొవ్వొత్తి గానీ పెన్సిల్ ములుకు గానీ పళ్ళ మీద రుద్దండి. అప్పటికీ కాకపోతే బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేముందు రన్నర్ వెనక్కి తిప్పి చూడండి, చాలావాటి మీద 3 అనో 5 అనో 8 అనో అంకె ఉంటుంది. పళ్ళు మూసుకున్నప్పుడు ఎంత వెడల్పు ఉంటాయో, సుమారుగా మిల్లీమీటర్లలో, అదే ఆ అంకె. ప్యాంట్లకి, పర్సులకి చిన్నవి, బ్యాగులకి, సూట్‌కేసులకి పెద్దవి. ఆ అంకె చూసి అదే నంబరు రన్నర్ అడగండి. జిప్పు రన్నర్ అన్నా ఇస్తారు, చైను రన్నర్ అన్నా ఇస్తారు.

మీ ఊళ్ళో దీన్ని ఇంకేమైనా పేరుతో పిలుస్తారా? కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.